కట్టిన ఇల్లు పాడైతే ఎవరిని అడగాలి? ఇంజినీరునా, కాంట్రాక్టరునా, బిల్డరునా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సొంతిల్లు కట్టించుకునే చాలామంది పని జరిగేటప్పుడు ఊళ్లో ఉండరు. హైదరాబాద్‌లోనో, సైన్యంలోనో, గల్ఫ్‌లోనో ఉండి డబ్బు పంపుతారు. తీరా ఇల్లు కారడం మొదలయ్యాక మేస్త్రి ఇంజినీరు మీద, ఇంజినీరు మేస్త్రి మీద చెప్తారు. పరిహారం అడగాలంటే ఇల్లు పాడైందని చూపిస్తే సరిపోదు. ఎవరు ఏ పని ఒప్పుకున్నారు, ఆ వృత్తిలో మామూలు నైపుణ్యం ఉన్న మనిషి తీసుకునే జాగ్రత్తల్లో ఏది వదిలేశారు, ఈ నష్టం దానివల్లే వచ్చిందా అన్నవి మూడూ రుజువు కావాలి. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన కొలమానం ఇదే. అది డాక్టరు కేసే అయినా, ఏ వృత్తి నిపుణుడికైనా ఇదే వర్తిస్తుందని తీర్పులో ఉంది.

సమస్య: స్లాబు కారుతోంది, పెచ్చులు ఊడి ఊసలు బయటపడ్డాయి

"సిమెంటు ఇల్లన్నాక ఇవన్నీ మామూలే బాబూ" అంటారు. మామూలు కాదు. ఊస మీద ఉండాల్సిన కాంక్రీటు పొర (కవరు) చాలకపోవచ్చు, కాంక్రీటులో నీళ్లు ఎక్కువ కలిపి ఉండొచ్చు, ఉప్పు ఇసుకో ఉప్పునీరో వాడి ఉండొచ్చు. స్లాబు సరిగా తడపకపోయినా ఇదే గతి. మనకు బజారులో ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుతో వేస్తే కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలని కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెప్తుంది. మామూలు వాతావరణంలో స్లాబుకు సరిపోయే 15-20 మిల్లీమీటర్ల కవరు కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు గాలి తగిలే చోట చాలదు.

ఇక్కడ చాలామంది కంగారుపడి ముందు ప్లాస్టరింగ్ చేయించేస్తారు. దాంతో సాక్ష్యం కప్పబడిపోతుంది. ముందు తేదీ కనిపించేలా ఫోటోలు, వీడియోలు తీయండి. కట్టినవారితో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి రీబౌండ్ హామర్ (కాంక్రీటు బలం అంచనా వేసేది), కవర్ మీటర్ (కవరు మందం కొలిచేది), అవసరమైతే కోర్ పరీక్ష (కాంక్రీటు ముక్క కోసి చూడటం) చేయించండి. బలం తక్కువ అని మాత్రమే రాసిస్తే ఆ రిపోర్టు ఎందుకూ పనికిరాదు. కారణమేంటి, అది డిజైన్ లోపమా, పని లోపమా, బాగుచేయడానికి ఎంతవుతుంది అన్నవి అందులో ఉండాలి. స్లాబు ప్రమాదంగా ఉంటే కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. నోటీసు ఇచ్చి, ఫోటోలు తీసుకుని, రిపేరు చేయించి బిల్లులు దాచుకోండి. నష్టం పెరగకుండా మీరు చూసుకున్నారా అని కూడా కోర్టు అడుగుతుంది.

ఎవరి మీద వేయాలన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. డ్రాయింగ్ సరిగా ఉండి పని చెడితే కాంట్రాక్టరు బాధ్యుడు. పర్యవేక్షణకు ఫీజు తీసుకుని ఉంటే ఇంజినీరు కూడా. మున్సిపాలిటీ అనుమతికి ప్లాను మాత్రమే గీసిచ్చిన ఇంజినీరు మీద సైటులో జరిగిన తప్పు నిలవదు. మన దగ్గర ఎన్నో ఇళ్లకు ఆ ప్లాను తప్ప స్ట్రక్చరల్ డ్రాయింగే ఉండదు. ఏ ఊస ఎక్కడ పడాలో మేస్త్రే నిర్ణయిస్తాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే తర్వాత అడగడానికి ఎవరూ మిగలరు.

సమస్య: గోడలకు ఏటవాలు బీటలు, తలుపులు పట్టేస్తున్నాయి

పునాది ఒకవైపు కుంగుతోందని అనుమానించాలి. చెరువో పల్లమో పూడ్చిన స్థలాల్లో ఇది కనిపిస్తుంది. మట్టి పరీక్ష లేకుండా పునాది డిజైన్ చేశారా, లేక డిజైన్‌లో ఉన్న లోతు తవ్వలేదా అన్నది తేల్చండి. మొదటిది ఇంజినీరు తప్పు, రెండోది కాంట్రాక్టరుది.

ఫ్లాట్ అయితే దారి సులువు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోనో కట్టిన ప్రాజెక్టు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం, దాని అథారిటీ) కిందికి వస్తుంది. స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బిల్డరు దృష్టికి తెస్తే 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే రెరాకు ఫిర్యాదు చేసి పరిహారం అడగొచ్చు. మాటతో చెప్పి వదలకండి, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు పెట్టుకోండి.

సమస్య: కొన్న స్థలం కొలత తగ్గింది, లేదా 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందని తర్వాత తెలిసింది

కొలత తప్పు ప్రైవేటు సర్వేయరుదైతే, ఫీజు రసీదు ఉంటే, సేవాలోపం కింద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. స్థలం కాగితాలు చూసి లీగల్ ఒపీనియన్ ఇచ్చిన లాయరు మీద మాత్రం కుదరదు. వకీళ్లు వినియోగదారుల చట్టం కిందికి రారని 2024 మే 14న సుప్రీంకోర్టు తేల్చింది. వారి మీద సివిల్ కోర్టులో దావా, వృత్తి దుష్ప్రవర్తన అయితే బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు. ఆస్తి విలువ కట్టడానికి బ్యాంకు పంపిన వాల్యూయర్ పనిచేసింది బ్యాంకు కోసం. ఆ రిపోర్టు నమ్మి కొన్నానంటే మీ వాదన బలహీనమే.

సమస్య: "సంక్రాంతి దాటాక చేస్తాం", "వానలు తగ్గాక చూద్దాం"

కేసులు ఎక్కువగా పోయేది ఇక్కడే. వినియోగదారుల కమిషన్‌కు గడువు 2 ఏళ్లు. ఒప్పంద ఉల్లంఘనపై సివిల్ దావాకు 3 ఏళ్లు. అవతలివారి మాటలు వింటూ కూర్చున్నా, మళ్లీ మళ్లీ ఉత్తరాలు రాసినా గడువు పెరగదు. ఆలస్యానికి బలమైన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గానీ దాన్ని నమ్ముకోవద్దు. లోపం కనబడ్డ తేదీ రాసుకుని, నోటీసు ఇచ్చి, జవాబు రాకపోతే వేసేయండి.

మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల లోపైతే ఫీజే లేదు. మీరు నివసించే చోట, ఉద్యోగం చేసే చోట కూడా వేయొచ్చు కాబట్టి హైదరాబాద్‌లో ఉన్నవారు ప్రతి వాయిదాకూ శ్రీకాకుళం రానక్కర్లేదు.

సమస్య: కాగితం ముక్క లేదు

ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ మెసేజులు, సిమెంటు బిల్లులు, స్లాబు వేసిన రోజు ఫోటోలు అన్నీ పనికొస్తాయి, పోగుచేయండి. చుట్టరికం మీద ఉచితంగా ప్లాను గీసిన ఇంజినీరు మీద కమిషన్‌కు వెళ్లలేరు, డబ్బు చెల్లించిన సేవే అక్కడ లెక్క. రోజుకూలీకి పెట్టుకుని మీరే దగ్గరుండి చేయించిన మేస్త్రి మీద కూడా కష్టమే.

లాయరు ఫీజుకు వెనకాడేవారు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.