నల్లగుడ్డు మీద పుండు పడితే చుక్కల మందు ఎలా వేయాలి?

వరి కోతల్లో కంటికి ఆకు గీసుకున్నా, నూర్పిళ్లలో ఊక పడినా కార్నియా (నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శక పొర) పైపొర చెదురుతుంది. అక్కడినుంచి ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు లోపలికి దిగుతుంది. కార్నియా మధ్యలో అర మిల్లీమీటరు మందమే ఉంటుంది, రక్తనాళాలు ఉండవు. అందుకే మందు ముఖ్యంగా పైనుంచి, చుక్కలుగానే అందాలి.

ముందు డాక్టరు పుండును గీకి, స్లయిడు మీద చూసి, బూజో బాక్టీరియానో తేల్చాలి. మందులషాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు వేయకండి. ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, అడుగున బూజు పెరుగుతూనే ఉంటుంది. చనుబాలు, ఆముదం, ఆకు పసర్లు అసలే వద్దు. కట్టు కూడా కట్టకూడదు.

సబ్బుతో చేతులు కడుక్కోండి. ఫోనులో గంటగంటకూ అలారం పెట్టుకోండి. బూజుకు ఎక్కువగా రాసే 5 శాతం నాటమైసిన్‌లో మందుపొడి అడుగున పేరుకుంటుంది, ప్రతిసారీ సీసా బాగా కుదపండి.

ఎక్కువమంది తప్పు చేసేది చుక్క వేసేటప్పుడే. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి గానీ, కూర్చోబెట్టి తల బాగా వెనక్కి వంచి గానీ వేయాలి, వీలైతే ఇంకొకరు వేస్తే మంచిది. తల వంచకుండా వేస్తే మందు చెంప మీదికి పోతుంది. వేలిని కంటి కింద ఉన్న ఎముక మీద ఆనించి చర్మాన్ని కిందికి లాగండి. గుడ్డు మీద ఏమాత్రం ఒత్తిడి పడకూడదు. పుండు తిన్నచోట కార్నియా పలచబడి ఉంటుంది, నొక్కితే చిల్లు పడుతుంది. కింది రెప్ప లోపలి సంచిలో ఒక్క చుక్క వేయండి. దానికే ఆ సంచి నిండిపోతుంది, రెండోది వృథా. సీసా మూతి రెప్పకు, వెంట్రుకలకు తగలనివ్వకండి. వేశాక కన్ను మెల్లగా మూయమనండి. గట్టిగా మూసి పిండితే మందు బయటికొచ్చేస్తుంది, నలపడం అంతకన్నా ప్రమాదం.

రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి, వెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఆయింట్‌మెంట్ చివర్లోనే. రాత్రి కూడా వేయమని రాస్తే నిద్ర లేపైనా వేయాల్సిందే.

నొప్పి తగ్గిందని మానేయకండి. బూజు పుండు మానడానికి వారాలు పడుతుంది. మానాక కూడా మచ్చ మిగులుతుంది. జనం పువ్వు అనేది దాన్నే. అది కంటిపాపకు ఎదురుగా పడితే చూపు బాగా తగ్గిపోతుంది.

నల్లగుడ్డు వెనక కింద తెల్లగా చీము గీతలా నిలిచినా, నొప్పి పెరిగినా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకండి. ఒక్కసారిగా వేడినీళ్లు కారినట్టుంటే చిల్లు పడి ఉండొచ్చు. అప్పుడు కంటిని తాకకుండా, పైన గట్టి ప్లాస్టిక్ షీల్డ్ పెట్టి, కార్నియా ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.