అడవి టర్కీని చూడాలంటే ముందు నేలను చదవండి

మొదటి వసంతంలో నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు పడమటి కొండల్లో, బర్క్‌షైర్ అడవి అంచున ఉన్న ఇంటికి అప్పుడే మారాం. బాగా తెల్లవారాక లేచి అడవిలోకి నడిచాను. వాగు అవతల నుంచి అడవి టర్కీ కోడి కూత వినిపించింది. ఎవరో గొంతులో నీళ్లు పోసుకుని గట్టిగా పుక్కిలించినట్టు ఉంది. ఎండుటాకుల మీద చప్పుడు చేసుకుంటూ ఆ కూత వైపే వెళ్లాను. కూత ఆగిపోయింది. ఆ నెలంతా ప్రతి ఆదివారం అదే పని చేశాను, ఒక్క పక్షీ కనిపించలేదు. టర్కీ మనకంటే ముందే మనల్ని చూస్తుంది. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, మెడ కాస్త తిప్పితే చాలు, వెనక ఉన్నదీ కనిపిస్తుంది. అందుకే వెతుక్కుంటూ వెళ్లకండి. అది ఎక్కడ మేస్తుందో, రాత్రి ఎక్కడ ఉంటుందో నేల చెబుతుంది. అది తెలుసుకుని, అది రాకముందే వెళ్లి కూర్చోవాలి.

నేల చదవడం అక్టోబరులో మొదలుపెట్టండి. ఓక్ చెట్ల కింద రాలిన ఆకులు అప్పటికి మందంగా పరుచుకుని ఉంటాయి. కింద పడిన కాయల కోసం టర్కీలు ఆ ఆకులను కాళ్లతో వెనక్కి చిమ్ముతాయి. గుంపు మేసి వెళ్లిన చోట మట్టి బయటపడి, పీట వేసినంత ఖాళీలు వరసగా కనిపిస్తాయి. ఉడుత తవ్వితే పిడికెడు గుంతే పడుతుంది, కాబట్టి పొరపడే అవకాశం తక్కువ. ఆకులు ఏ వైపు కుప్పపడ్డాయో చూడండి. గుంపు సాగింది దానికి ఎదురు దిక్కుకు. బయటపడిన మట్టి ఇంకా తడిగా, ముదురు రంగులో ఉంటే అవి దగ్గర్లోనే ఉన్నట్టు.

తర్వాత రెట్ట చూడండి. మొహమాటం అక్కర్లేదు, ఇంత తేలిగ్గా ఆడా మగా చెప్పే గుర్తు ఇంకోటి లేదు. మగపక్షి రెట్ట పొడుగ్గా, కొస దగ్గర కొక్కెంలా వంగి ఉంటుంది. పెట్టది నత్తగుల్లలా చుట్టుకుని ముద్దగా ఉంటుంది. ఒకే చెట్టు కింద రెండు రకాలూ పోగుపడి ఉంటే, పైన ఉన్న కొమ్మలే వాటి రాత్రి బస. ఇంత బరువైన పక్షి చెట్టెక్కి పడుకుంటుందంటే చాలామంది నమ్మరు. కొద్ది దూరమే అయినా గంటకు 80 కిలోమీటర్లకు పైగా వేగంతో ఎగరగలదు. ఎగరలేనిది కోళ్ల ఫారాల్లో రొమ్ము కండ కోసం పెంచిన తెల్ల టర్కీ. దానికి ఆ కండ ఎంత పెరిగిందంటే, జతకట్టడం కూడా చేతకాక కృత్రిమ గర్భధారణ మీదే ఆ జాతి నిలుస్తోంది. ఆ పక్షిని చూసి అడవి టర్కీని అంచనా వేయకండి.

ఇక ఈక. నా బల్ల మీద ఎప్పుడూ ఒకటి ఉంటుంది. రొమ్ము ఈక దొరికితే కొస చూడండి. కత్తెరతో తెగ్గోసినట్టు నల్లటి అంచు ఉంటే మగదానిది, లేత గోధుమ రంగు అంచు ఉంటే పెట్టది. దాన్ని నీడలో పట్టుకుంటే మామూలు గోధుమ రంగే. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి మెల్లగా వాల్చండి. ముందు రాగి రంగు వస్తుంది, ఇంకాస్త వాలిస్తే ఆకుపచ్చ, ఆ తర్వాత ఊదా. ఒక్క పక్షి ఒంటి మీద ఇలాంటివి ఐదారు వేలుంటాయి. అమెరికాలో చాలా స్థానిక పక్షుల ఈకలు దాచుకోవడం 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం నేరం. టర్కీ ఆ చట్టం కిందకు రాదు.

ఈకను చేతిలో పట్టుకున్నప్పుడల్లా నైరుతి అమెరికాలోని పూర్వపు ప్యూబ్లో ఆదివాసీ ప్రజలు గుర్తొస్తారు. వాళ్లు టర్కీలను పెంచింది శతాబ్దాల పాటు మాంసం కోసం కాదు, ఈకల కోసం. యక్కా అనే ఎడారి మొక్క నారతో పేనిన తాడుకు ఈకలను చుట్టి, ఆ తాళ్లతో దుప్పట్లు అల్లారు. పరిశోధకులు అలాంటి ఒక దుప్పటిని పరిశీలించి, ఇంచుమించు మీటరు చదరం ఉన్న దానికి దాదాపు 11,500 ఈకలు పట్టి ఉంటాయని లెక్కగట్టారు. ముదిరిన ఈకలను బతికున్న పక్షి నుంచే నొప్పి లేకుండా తీయవచ్చు. అంటే పక్షిని చంపకుండా, ఏటేటా దాన్ని సాకుతూ ఒక బిడ్డకు వెచ్చని దుప్పటి కూర్చేవారు. టర్కీ అనగానే థాంక్స్‌గివింగ్ పండుగ పళ్లెం ఒక్కటే గుర్తొచ్చేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ దుప్పటి సంగతే.

ఏప్రిల్‌లో అసలు పని. ముందు రోజు సాయంత్రం బస ఉన్న చెట్లకు దూరంగా నిలబడి వినండి. చీకటి పడబోయే ముందు రెక్కల బరువైన చప్పుడు వస్తుంది, ఒకటి తర్వాత ఒకటి. ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకుని మెల్లగా వెనుదిరగండి. మర్నాడు సూర్యోదయానికి గంట ముందే రండి. వంద మీటర్లు ఎడంగా, మీ భుజాల కంటే వెడల్పైన మానుకు వీపు ఆనించి కూర్చోండి. ఫోను మోగకూడదు, తల తిప్పకూడదు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. మసాచుసెట్స్‌లో టర్కీ వేట ఏప్రిల్ చివర్లో మొదలై మే నెలలోనూ సాగుతుంది. ఎరుపు, తెలుపు, నీలం రంగు బట్టలు వేసుకోవద్దు. మగపక్షి తల రంగులు అవే, వేటగాడి కన్ను మోసపోతుంది. దాని కూతను అనుకరించవద్దు. వేట అనుమతించిన అడవిలో ఆ రోజుల్లో నడిస్తే మెరిసే నారింజ రంగు చొక్కా వేసుకోండి, లేదా వేట లేని చోటే ఎంచుకోండి.

వెలుగు రాకముందే కొమ్మ మీది నుంచి మొదటి కూత వస్తుంది. పెట్టలు సన్నగా బదులిస్తాయి. తర్వాత ఒక్కొక్కటే దిగుతాయి. మగపక్షి తోక పురి విప్పి, రెక్కల కొనలు నేలకు రాసుకుంటూ నడుస్తుంది. ఆ దారి ఇసుకదైతే అడుగుల పక్కన సన్నటి గీతలు మిగులుతాయి. ఈకల్లేని ఆ తలను చూడండి. నెత్తి తెల్లబడుతుంది, ముఖం నీలం, మెడ ఎరుపు. ముక్కు మీద వేలెడు లేని తోలుముక్క చూస్తుండగానే సాగి ముక్కు దాటి వేలాడుతుంది. అది ఎంత పొడుగుంటే పెట్టలకు అంత నచ్చుతుందని పరీక్షల్లో తేలింది. రొమ్ము నుంచి గుర్రపు వెంట్రుకల కుచ్చులా వేలాడే గడ్డం కూడా ఒక రకం ఈకే. కొన్ని పెట్టలకూ ఉంటుంది, కాబట్టి గడ్డం ఒక్కటి చూసి మగదని తేల్చకండి.

రెండు మగపక్షులు పక్కపక్కనే పురి విప్పితే పోటీ అనుకుంటాం. కాలిఫోర్నియాలోని టర్కీల మీద అలన్ క్రాకవర్ అనే పరిశోధకుడు జన్యు పరీక్షలు చేసి 2005లో ప్రచురించారు. అలా జోడు కట్టినవి దగ్గరి రక్తసంబంధం ఉన్నవి, తరచు అన్నదమ్ములే. జతకట్టేది వాటిలో పెద్దరికం ఉన్నది మాత్రమే. రెండోది తోడుగా నిలబడి దాని వంశాన్ని నిలబెడుతుంది, ఆ వంశం తనదీ కాబట్టి. ఇది చదివాక నేను చూసే తీరే మారిపోయింది. ఇప్పుడు ముందు రెండో పక్షినే చూస్తాను.

తోక చివరి పట్టీని కూడా గమనించండి. తూర్పు అమెరికా అడవి టర్కీకి అది గోధుమ కలిసిన ఎరుపు. పట్టీ తెల్లగా ఉంటే పెంపుడు రక్తం ఉందని అనుమానించాలి. ఎందుకంటే ఇప్పుడున్న పెంపుడు టర్కీలన్నీ మెక్సికో దక్షిణ ప్రాంతపు తెల్లపట్టీ జాతి నుంచి వచ్చాయి. అక్కడి ప్రజలు దాన్ని దాదాపు 2000 ఏళ్ల కిందటే మచ్చిక చేశారు. 16వ శతాబ్దం మొదట్లో స్పెయిన్ వాళ్లు ఐరోపాకు తీసుకెళ్లారు, ఆ తర్వాత వలస వచ్చినవాళ్లు ఓడల్లో మళ్లీ అమెరికాకే తెచ్చారు. ఎక్కడి పక్షో తెలియక ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టారు. ఇంగ్లీషువాళ్లు టర్కీ అన్నారు, టర్కీ దేశంవాళ్లు హిందీ అన్నారు, డచ్చివాళ్లు మన కాలికట్ పేరు మీద కాల్కూన్ అన్నారు. 1612లో గోవా నుంచి జహంగీరు కొలువుకు ఒకటి చేరితే, ఉస్తాద్ మన్సూర్ దాని ముఖం మీది ముడతలన్నీ వదలకుండా బొమ్మ గీశాడు.

మే నెల వచ్చాక పక్షిని వదిలేయండి. పెట్ట నేల మీదే పది పన్నెండు గుడ్లు పెట్టి 28 రోజులు పొదుగుతుంది. గూడు కంటపడితే ఆగకుండా పక్క నుంచి వెళ్లిపోండి, కుక్కను వదలకండి. ఎగరడం వచ్చేదాకా, మొదటి రెండు వారాలు పిల్లలు రాత్రుళ్లు తల్లి రెక్కల కింద నేల మీదే పడుకుంటాయి. పిల్లలు ఎక్కువగా చనిపోయేది అప్పుడే.

గింజలు వేయవద్దని ఎంత చెప్పినా తక్కువే. మేతకు అలవాటు పడ్డ పక్షి మనుషుల్ని తన గుంపులో చేర్చుకుని వాళ్ల మీదా పెత్తనానికి దిగుతుంది. కారు తలుపులో తన నీడను చూసి పొడుస్తుంటే కొట్టవద్దు, ఆ తలుపు మీద గుడ్డ కప్పండి, చాలు.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? ఈ రాష్ట్రంలో చివరి అడవి టర్కీని 1851లో మౌంట్ టామ్ దగ్గర చంపారు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఈ కొండల్లో ఆ కూత లేదు. ఫారంలో పెంచినవాటిని వదిలి చూశారు, అవి అడవిలో బతకలేకపోయాయి. చివరికి 1972, 73లలో న్యూయార్క్ అడవుల్లో పట్టిన 37 పక్షులను ఇక్కడి బేర్‌టౌన్ అడవిలో వదిలారు. ఈరోజు రాష్ట్రమంతటా వేలల్లో ఉన్నాయి.

జూన్ నుంచి ఆగస్టు దాకా రాష్ట్ర వన్యప్రాణి శాఖ టర్కీ పిల్లల లెక్కలను ప్రజల నుంచి తీసుకుంటుంది. తేదీ, చోటు, ఎన్ని పెట్టలు, ఎన్ని పిల్లలు, ఆ పిల్లలు తల్లితో పోలిస్తే ఎంత ఉన్నాయి అన్నవి రాసి పంపండి. పిల్లలు లేకుండా ఒంటరిగా కనిపించిన పెట్టను కూడా రాయండి, ఆ లెక్క కూడా వాళ్లకు అంతే అవసరం.