కువైట్ ఎడారిలో గొర్రెలు కాసే తమ్ముళ్లకు, ఎండలు ముదరకముందే

కడప, రాయచోటి వైపు నుంచి వెళ్లి కువైట్‌లో మందలు కాస్తున్న తమ్ముళ్లూ, మే నెలలోనే నీళ్ల లెక్క చూసుకోండి. అక్కడ ఏరు లేదు, చెరువు లేదు, బోరు వేసినా పడేవి ఎక్కువగా ఉప్పునీళ్లే. తాగేవి సముద్రపు నీళ్లను శుద్ధి చేసినవి, అవి మీ గుడారం దాకా ట్యాంకర్‌లోనే రావాలి.

నాకోసారి రెండు రోజులు ట్యాంకర్ రాలేదు. ఇనప ట్యాంకును పైనుంచి కిందికి వేలి కణుపుతో కొట్టుకుంటూ వచ్చా, ఖణఖణమన్న చప్పుడు అడుగున జానెడు ఎత్తులో గానీ మందం కాలేదు, అంటే నీళ్లు అంతే మిగిలాయన్నమాట. రెండు వందల గొర్రెలు నా మొహమే చూస్తున్నాయి. వేసవిలో గొర్రెకు రోజుకు 8, 10 లీటర్లు వేసుకోండి, మూడు రోజులకు సరిపడా ఎప్పుడూ ఉండాలి, సగానికి దిగగానే కఫీల్‌కు (మిమ్మల్ని పనిలో పెట్టుకున్న యజమానికి) ఫోన్ చేసేయండి, తిట్టినా సరే. ఒంటెలుంటే ఇంకా జాగ్రత్త, దాహం మీదున్న ఒంటె పది నిమిషాల్లో వంద లీటర్లు లాగేస్తుంది.

ట్యాంకు మీద తడి గోనెసంచులు కప్పండి, లేదంటే మధ్యాహ్నానికి నీళ్లు సలసలా కాగినట్టుంటాయి, గొర్రెలు మూతి కూడా పెట్టవు. తొట్టి పాచి గీకి తెల్లవారుజామున, సాయంత్రం నింపండి. మీరు తాగే క్యాన్లు వేరుగా, నీడలో పెట్టుకోండి.

2016 జూలై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని రూలుంది గానీ ఎడారిలోకొచ్చి చూసేదెవరు, మనమే పాటించుకోవాలి. తోటివాడి మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే నీడకు తెచ్చి ఒంటినిండా నీళ్లు పోసి విసరండి, స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పోయొద్దు, 112కు ఫోన్ చేయండి.

దుమ్ము లేచినప్పుడు తప్పిపోయిన గొర్రె కోసం పోకండి. ఇసుకలో తుప్పుపట్టిన ఇనుము కనబడితే కాలితో తన్నకండి, 1991 గల్ఫ్ యుద్ధం నాటి పేలని బాంబులు ఇంకా దొరుకుతుంటాయి.

గుడారానికి అడ్రస్ ఉండదు కదా, ఫోన్‌లో లొకేషన్ ఇవాళే సేవ్ చేసి పక్క మందలో ఉన్నాయనకూ ఇంటికీ పంపండి.