‘డీ’ కీ పోతే ఒత్తులన్నీ పోతాయి: లినక్స్‌లో ఆ పని ఇంకో కీకి అప్పగించడం ఎలా

నా ల్యాప్‌టాప్ మీద టీ ఒలికిన మూడో రోజుకి డీ కీ ఒక్కటే పనిచేయడం మానేసింది. ఇంగ్లిష్ మాత్రమే కొట్టేవాళ్లకి ఒక్క అక్షరం పోయినట్టు, కానీ నేను రోజంతా ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషలకి ప్రామాణికమైన కీబోర్డ్ లేఅవుట్) తెలుగు కొడతాను, అందులో డీ నొక్కితే వచ్చేది పొల్లు (్). అది లేకపోతే ఒక్క ఒత్తు కూడా పడదు. షిఫ్ట్ పట్టుకుని అదే కీ నొక్కితే ‘అ’. ‘తెలుగు’ అని హాయిగా కొట్టొచ్చు, ‘అమ్మ’ మాత్రం కొట్టలేం, ఎందుకంటే ఆ చిన్న మాటకి ఆ కీ రెండుసార్లు కావాలి. రిపేరు షాపులో అడిగితే కీబోర్డ్ ఒక్కటే మార్చడం కుదరదు, పై బాడీతో సహా మార్చాలన్నారు. అప్పటిదాకా పని ఆగకూడదు కదా, అందుకే నేను దాదాపు ఎప్పుడూ వాడని క్యాప్స్‌లాక్‌ని డీగా మార్చేశాను.

ముందు ఏం పోయిందో చూసుకోండి. ఒక్క కీ పోతే అక్కడే మురికో, కింద రబ్బరో, ఆ ఒక్క చోటే ఏదో తేడా అయ్యుండొచ్చు. అదే నాలుగైదు కీలు ఒకేసారి పోతే లోపల గీతల వలలో ఒక లైను తెగిందనో, రిబ్బన్ కేబుల్ వదులైందనో అనుమానించాలి. అలాంటప్పుడు కీలు మార్చుకుంటూ పోవడం కంటే బయట ఒక యూఎస్‌బీ కీబోర్డ్ తగిలించుకోవడమే సుఖం.

అసలు టెన్షన్ ఎక్కడంటే, దీన్ని బాగు చేసే కమాండ్లలోనే డీ ఉంటుంది. అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపే ‘సుడో’లో ఉంది, పరికరాల్ని చూసుకునే ‘యూడెవ్’లో ఉంది, నా పాస్‌వర్డ్‌లో కూడా ఉంది! యూఎస్‌బీ కీబోర్డ్ దొరికితే గొడవే లేదు. లేకపోతే గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి స్క్రీన్ కీబోర్డ్ ఆన్ చేయండి, లాగిన్ తెరమీద కూడా యాక్సెసిబిలిటీ బొమ్మ ఉంటుంది, అక్కడినుంచీ ఆన్ చేసుకోవచ్చు. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీ) అయితే ఎక్కడినుంచో ఒక డీ కాపీ చేసి కంట్రోల్-షిఫ్ట్-వీతో అతికించొచ్చు, లేదా పాత కమాండ్లలో వెతికే కంట్రోల్-ఆర్ నొక్కి ‘ఎస్‌యూ’ అని కొడితే పాత సుడో కమాండ్లు వస్తాయి. మీకు పోయింది డీ కాకుండా ఎంటర్ అయితే టెర్మినల్‌లో కంట్రోల్-ఎమ్ నొక్కండి, అదే ఎంటర్. బ్యాక్‌స్పేస్‌కి కంట్రోల్-హెచ్, ట్యాబ్‌కి కంట్రోల్-ఐ.

ఇక అసలు పని. ఏ కీ నొక్కితే ఏ కోడ్ వస్తుందో చూపించే ‘ఈవీటెస్ట్’ అనే చిన్న ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసి సుడోతో నడపండి. పరికరాల జాబితాలో ‘ఏటీ ట్రాన్స్‌లేటెడ్ సెట్ 2 కీబోర్డ్’ అని ఉంటే మామూలుగా ల్యాప్‌టాప్ సొంత కీబోర్డ్ అదే, దాని నంబరు ఇవ్వండి. ఇప్పుడు క్యాప్స్‌లాక్ నొక్కితే ఒక వరుసలో ‘ఎమ్‌ఎస్‌సీ స్కాన్’ విలువ 3ఏ అనీ, దాని కింద కీ కోడ్ 58 అనీ పడుతుంది. మనకి కావాల్సింది ఆ 3ఏ, అంటే కీబోర్డ్ పంపే స్కాన్ కోడ్. చచ్చిన కీ నొక్కితే ఏమీ పడదు, దాన్నిబట్టి సమస్య హార్డ్‌వేర్‌దేనని కూడా తేలిపోతుంది.

తర్వాత ఈటీసీ ఫోల్డర్‌లో యూడెవ్, అందులో ‘హెచ్‌డబ్ల్యూడీబీ డాట్ డీ’ ఫోల్డర్‌కి వెళ్లి, అక్కడ 90తో మొదలై ‘డాట్ హెచ్‌డబ్ల్యూడీబీ’తో ముగిసే పేరుతో సుడో ఇచ్చి ఒక ఫైలు తెరవండి. అందులో రెండే వరుసలు. మొదటిది అన్నీ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా: ఈ-వీ-డీ-ఈ-వీ, కోలన్, ఏ-టీ-కే-బీ-డీ, కోలన్, డీ-ఎమ్-ఐ, కోలన్, నక్షత్రం గుర్తు. రెండో వరుస మొదట్లో ఒక స్పేస్ తప్పకుండా ఉండాలి, నేను మొదటిసారి అదే మర్చిపోయి అరగంట తల పట్టుకున్నాను. ఆ స్పేస్ తర్వాత పెద్ద అక్షరాల్లో కీబోర్డ్, అండర్‌స్కోర్, కీ, అండర్‌స్కోర్, వెంటనే 3ఏ (ఇందులో ఏ చిన్నది), ఈక్వల్స్ గుర్తు, చిన్న డీ. సేవ్ చేసి, సుడోతో ‘సిస్టమ్‌డీ-హెచ్‌డబ్ల్యూడీబీ అప్‌డేట్’, ఆ తర్వాత ‘యూడెవ్‌ఏడీఎమ్ ట్రిగ్గర్’ నడిపితే రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

చాలామంది దీనికి కీలు మార్చే పాత కమాండ్ ‘ఎక్స్‌మోడ్‌మ్యాప్’ చెబుతారు. నేను చెప్పను. అది తెరమీద కిటికీలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్ సర్వర్ దాకానే, దాని స్థానంలో వచ్చిన వేలాండ్‌లో నడిచే అప్లికేషన్లకి దాని మాట వినబడదు. పైగా ఆ పద్ధతిలో మనం కీకి ఇచ్చేది ‘డీ’ అనే అక్షరాన్ని, కాబట్టి తెలుగు లేఅవుట్‌కి మారినప్పుడు అది తనంతట తాను పొల్లు కాదు. పైన చెప్పిన పద్ధతిలో లినక్స్ మూలభాగమైన కెర్నలే క్యాప్స్‌లాక్‌ని డీ కీ అనుకుంటుంది, లేఅవుట్ దాని పైన కూర్చుంటుంది. అందుకే ఇంగ్లిష్‌లో డీ, తెలుగులో పొల్లు, షిఫ్ట్‌తో ‘అ’, టెర్మినల్‌లో కంట్రోల్-డీ, అన్నీ పనిచేస్తాయి. యూఎస్‌బీ కీబోర్డ్ తగిలిస్తే దాని క్యాప్స్‌లాక్ మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే ఆ మొదటి వరుస లోపలి కీబోర్డ్‌కి మాత్రమే వర్తిస్తుంది.

కీ చచ్చిపోకుండా ఇరుక్కుపోయి తెరనిండా అదే అక్షరం పడుతుంటే, ఆ కీ స్కాన్ కోడ్‌కి (డీ అయితే 20) ఈక్వల్స్ తర్వాత ‘రిజర్వ్‌డ్’ అని అదే ఫైలులో ఇంకో వరుస రాసి ఆ రెండు కమాండ్లూ మళ్లీ నడపండి, నోరు మూసుకుంటుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి: లినక్స్ మొదలవకముందే వచ్చే బయోస్‌లో, గ్రబ్ బూట్ మెనూలో ఇది పనిచేయదు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే బూట్‌లో అడిగే పాస్‌వర్డ్ దగ్గర కూడా దీన్ని నమ్ముకోవద్దు, ఆ పాస్‌వర్డ్‌లో పోయిన అక్షరం ఉంటే మెషీన్ ఆపకముందే మార్చేసుకోండి.

కొత్త కీబోర్డ్ వేయించాక ఆ ఫైలు తీసేసి, అప్‌డేట్ కమాండ్ మళ్లీ నడిపి, ఈసారి మాత్రం రీస్టార్ట్ చేయండి. ట్రిగ్గర్ ఒక్కటే సరిపోదు, కెర్నల్ గుర్తుపెట్టుకున్న పాత మార్పు అలాగే ఉండిపోతుంది.