స్టీలు చీమ చేయడం, అమ్మడం: అంతా కాళ్ళ దగ్గరే ఉంది

పాత ఇనుముతో పురుగుల బొమ్మలు చేసి అమ్ముదామనుకునేవాళ్ళు వెల్డింగ్ మెషీన్ కొనేముందు వంటింట్లో చక్కెర డబ్బా దగ్గర ఓ పది నిమిషాలు కూర్చుని చీమను చూడండి. తల, మధ్య ముక్క, పొట్ట, ఈ మూడింట్లో ఆరు కాళ్ళూ మధ్య ముక్కకే ఉంటాయి, పొట్టకు ఒక్కటీ ఉండదు. నా మొదటి చీమకు పొట్ట మీద రెండు కాళ్ళు అతికించాను. చూసినవాళ్ళెవరికీ తప్పేంటో తెలియలేదు కానీ, చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశారు. సాలీడు, తేలు, తొలకరిలో కనిపించే ఆరుద్ర పురుగు కూడా కీటకాలు కావు, వాటికి ఎనిమిది కాళ్ళు. ఆరుద్ర పురుగుకు ఆరే పెట్టారంటే ఏ జువాలజీ లెక్చరరో మీ స్టాల్ ముందే క్లాసు పీకుతాడు.

సరుకు కోసం హైదరాబాద్‌లో గురువారం జుమ్మెరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత తిరగండి, కొత్త నట్లు బోల్టులు కావాలంటే రాణిగంజ్. మీ వీధి మెకానిక్‌తో దోస్తీ ఉంటే ఇంకా మంచిది, అరిగిన బేరింగులు, చైన్లు, స్పార్క్ ప్లగ్గులు ఒక చాయ్‌కి వచ్చేస్తాయి. జీఐ పైపులు (జింక్ పూత వేసినవి), క్రోమ్ పూత మెరిసే బంపర్ ముక్కలు మాత్రం వద్దు. జింక్ పూత కాలిన పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది, క్రోమ్ పొగ అంతకంటే చెడ్డది.

మొదటి బొమ్మ చీమే చేయండి, తూనీగ రెక్కల జోలికి ఇప్పుడే పోకండి. తలకూ పొట్టకూ పెద్ద బేరింగ్ గోలీలు, మధ్యకు చిన్నది. ఈ గోలీల్లో కార్బన్ సుమారు 1 శాతం ఉంటుంది, వెల్డ్ అయ్యాక తొందరపడి నీళ్ళలో ముంచితే పెళుసెక్కి టప్‌మని ఊడిపోతుంది, అందుకే పొడి బూడిదలో పాతిపెట్టి నెమ్మదిగా చల్లారనివ్వండి. మామూలు ఇనుముకు 6013 నంబర్ వెల్డింగ్ రాడ్ చాలు, స్టెయిన్‌లెస్‌ను ఇనుముకు అతికించాలంటే 309 నంబర్ రాడ్. ఇంకో మాట, ఇనుము మీద వాడిన గ్రైండింగ్ డిస్క్‌ను స్టెయిన్‌లెస్ మీద పెట్టొద్దు. ఇనుప రజను అందులో దిగి, వానాకాలం రాగానే చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది, కొన్నాయన ఫోటో తీసి పంపిస్తాడు.

కాళ్ళకు 4 మి.మీ. కడ్డీ. బొమ్మ జానెడు ఉంటే ముందువి, మధ్యవి 9 సెం.మీ., వెనకవి 12, ఒక్కో కాలికి రెండు వంపులు, మొదటిది పైకి, రెండోది కిందకి. ముందు కాళ్ళు ముందుకు చూడాలి, వెనకవి వెనక్కి. మీసాలు మోచేయిలా మధ్యలో వంగాలి, ఆ వంపు లేకపోతే అది చీమ కాదు.

ఆరు కాళ్ళూ ఒకేసారి నేలకు ఆనేలా పెట్టబోయి నేను రెండు నెలలు కొట్టుకున్నాను, ఎలా పెట్టినా ఒకటి లేచేది, టేబుల్ మీద టకటకా ఊగేది. జవాబు చీమ దగ్గరే ఉంది. నడిచేటప్పుడు అది ఒక పక్క ముందు, వెనక కాళ్ళు, రెండో పక్క మధ్య కాలు, ఈ మూడింటినే నేల మీద ఉంచి మిగతా మూడూ లేపుతుంది. మూడు రాళ్ళ పొయ్యి ఎక్కడ పెట్టినా ఊగదు కదా! ఆ మూడు కాళ్ళను ముందు ట్యాక్ (చిన్న చుక్క వెల్డ్) వేసి, నిలబెట్టి చూసి, గట్టిగా వెల్డ్ చేయండి. మిగతా మూడింటిని నేలకు బియ్యపుగింజంత ఎత్తులో వదిలేయండి. ఊగడం పోతుంది, పైగా నడుస్తున్నట్టే ఉంటుంది.

ఒక్క ట్యాకే కదా అని ముసుగు లేకుండా వేస్తే ఏమవుతుందో చెప్తాను: అప్పటికేమీ తెలియదు, అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. 10 లేదా 11 నంబర్ అద్దం లేకుండా ఆర్క్ కొట్టొద్దు.

అమ్మేటప్పుడు మొదట ఎదురయ్యే ప్రశ్న, "ఇనుమే కదా, కిలో ఎంత పడింది?" నవ్వేసి ఊరుకోండి, కానీ ధర మాత్రం గంటల లెక్కన కట్టండి. ఐదు గంటల పని, గంటకు 200 అనుకుంటే కూలీయే 1,000, ఆపైన రాడ్లు, డిస్కులు, కరెంటు, క్లియర్ లాకర్ (రంగులేని వార్నిష్ పూత). మాదాపూర్ శిల్పారామం లాంటి చోట చిన్న స్టాల్‌తో మొదలుపెట్టండి. నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో జనం విపరీతమే కానీ నెలన్నర పాటు రోజూ నిలబడాలి, ఒంటరిగా అయ్యే పని కాదు. గిఫ్ట్ షాపులో "అమ్ముడయ్యాక ఇస్తాం" అంటే రసీదు రాయించుకోండి, నావి నాలుగు మిడతలు అలాగే ఎగిరిపోయాయి.

కాళ్ళ చివర్లు ఫైల్‌తో గుండ్రం చేయండి, లేకపోతే టీపాయ్ మీద గీతలు, పిల్లల చేతులకు గాట్లు. ఆన్‌లైన్‌లో అమ్మితే కొరియర్ లెక్క ముందే చూసుకోండి. చాలా కొరియర్ కంపెనీలవాళ్ళు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 30, 30, 20 పెట్టె అయితే 3.6 కిలోల చార్జీ, లోపల చీమ 600 గ్రాములే అయినా సరే. నేను ఇప్పుడు దూరం పంపే చీమలకు కాళ్ళు కాస్త దగ్గరగా ముడుస్తున్నాను.