లాడ్జి గదిలో నల్లులను ముందే పట్టుకోవడం ఎలా?

చిన్న లాడ్జిలో నల్లులు చేరిన సంగతి అందరికంటే ఆఖరున తెలిసేది యజమానికే. దిగినవాళ్ళు చేతి మీద దద్దుర్లు చూపించేసరికి అవి పక్క గదికీ పాకి ఉంటాయి. నల్లి మురికిని వెతుక్కుంటూ రాదు, సామానులో దాక్కుని వస్తుంది. తిరుపతి లాంటి ఊళ్ళో ఒకే గదిలో పొద్దున ఒక కుటుంబం, సాయంత్రం ఇంకో కుటుంబం దిగుతాయి కాబట్టి, వెతకడమన్నది దుప్పటి మార్చే పనిలోనే కలిసిపోవాలి.

1. తీసిన దుప్పట్లు, గలీబులు దులపకండి, భుజాన వేసుకుని వరండా అంతా తిప్పకండి. గదిలోనే సంచిలో వేసి మూతి కట్టి, 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికించండి.

2. టార్చి, పాత ఏటీఎం కార్డు తీసుకోండి. పరుపు మూలల్లో, కుట్ల మడతల్లో కార్డుతో గీరి చూడండి. ఎదిగిన నల్లి అర సెంటీమీటరు ఉంటుంది, గుడ్డు తెల్లగా ఒక మిల్లీమీటరే. పురుగు కంటే ముందు కనిపించేవి సిరా ఇంకినట్టుండే నల్లచుక్కలు. తడిగుడ్డతో రుద్దితే తుప్పురంగులో సాగితే అది నల్లి రెట్టే. విడిచిన పొట్టు కూడా ఆనవాలే.

3. తలవైపు గోడకు బిగించిన చెక్కపలకను నెలకోసారైనా విప్పించండి. అందరూ వదిలేసేది దీన్నే, నల్లులకు ఇష్టమైనదీ ఇదే. స్క్రూ రంధ్రాలూ చూడాలి. ఆ తర్వాత కర్టెన్ మడతలు, ఫొటో ఫ్రేముల వెనక, సామాను బల్ల.

4. వెనకటికి నల్లులు మంచం ఎక్కకుండా కోళ్ళ కింద నీళ్ళగిన్నెలు పెట్టేవారు. ఇప్పుడు అదే పనికి నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు దొరుకుతున్నాయి. కాకపోతే మన వేడి ప్రాంతాల నల్లి ఆ గిన్నె నున్నటి అంచునూ ఎక్కగలదు. లోపల టాల్కం పౌడరు పలచగా రాయండి.

నల్లి కనిపించిందని చెప్పిన రూమ్ బాయ్‌ని కసురుకోకండి, రెండోసారి చూసినా చెప్పడు.

దొరికితే గది మూసేయండి. పరుపు పక్క గదికి మార్చకండి. అటూ ఇటూ, పైన, కింద గదులు కూడా వెతకండి. పురుగుల మందును పొగలా వదిలే డబ్బాలు పెట్టినా, ఆ పొగ పగుళ్ళలోకి చేరదు. బజారు స్ప్రేలకు చాలాచోట్ల నల్లులు లొంగడం లేదు. కుట్ల వెంట నెమ్మదిగా ఆవిరి పట్టించడం నయం, మందు కొట్టే పని తెలిసినవాళ్ళకే వదలండి. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి రెండు వారాలకు వాళ్ళను మళ్ళీ పిలవాలి. గదికి తాళం వేసి ఊరుకుంటే లాభం లేదు, రక్తం లేకుండా నెలల తరబడి బతకగలవు.