రైడ్ సర్వర్ ఆగిపోయిందా? డిస్కులు ముట్టుకునే ముందు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్ల షాపుల్లో చాలాచోట్ల లెక్కలన్నీ ఒకే రైడ్ (RAID, అంటే కొన్ని డిస్కులను కలిపి ఒక్కటిగా వాడే పద్ధతి) సర్వర్‌లో ఉంటాయి. అది ఆగితే టెన్షన్ సహజమే. అయినా తొందరపడకండి.

• మాటిమాటికీ రీస్టార్ట్ చేయొద్దు. డిస్కు టిక్కుటిక్కుమంటుంటే వెంటనే పవర్ తీసేయండి. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు, డేటా రికవరీ ల్యాబ్‌కే పంపాలి.

• బయటికి తీసేముందు ప్రతి డిస్కు మీదా స్లాట్ నంబరు రాసి, ఫోటో తీయండి.

• రైడ్ 5 ఒక డిస్కు పోయినా తట్టుకుంటుంది, రైడ్ 6 అయితే రెండు. రైడ్ 5లో రెండోది కూడా తేడాగా ఉంటే రీబిల్డ్ (పోయిన డిస్కులోని డేటాను కొత్త డిస్కులో మళ్లీ తయారుచేయడం) నొక్కకండి. రీబిల్డ్‌లో మిగతా డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. అరిగిన డిస్కు ఆ ఒత్తిడికే పోవచ్చు.

• అన్నిటికంటే ముఖ్యం, అసలు డిస్కుల మీద ఏదీ రాయకూడదు. ఒక్కోదాన్నీ డీడీరెస్క్యూ (ddrescue, పాడైన డిస్కుల నుంచి కాపీ తీసే ప్రోగ్రామ్)తో వేరే డిస్కుకి కాపీ తీయండి. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైలు తప్పకుండా పెట్టుకోండి. మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కదా, ఆ ఫైలుంటే ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. యూపీఎస్ ఎలాగూ ఉండాలి.

• పోయిన పార్టిషన్లను (డిస్కులోని భాగాలను) టెస్ట్‌డిస్క్ (TestDisk) ప్రోగ్రామ్‌తో వెతికేది ఆ కాపీలన్నీ కలిపి నిలబెట్టిన అర్రేలో. విడి డిస్కులో వెతికితే దొరికేవి చాలావరకు ముక్కలే.

• లినక్స్ సాఫ్ట్‌వేర్ రైడ్ అయితే ముందు ఎండీఆడ్మ్ ఎగ్జామిన్ (mdadm --examine, ఒక్కో డిస్కు మీదున్న రైడ్ వివరాలు చూపే కమాండ్) వివరాలు దాచుకోండి. దాని క్రియేట్ కమాండ్, ఎఫ్‌ఎస్‌సీకే (fsck, ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే కమాండ్) జోలికి పోవద్దు, అవి డిస్కు మీద రాస్తాయి. కంట్రోలర్ (రైడ్ కార్డు) డిస్కులను ఇనిషియలైజ్ (కొత్తగా సిద్ధం) చేయమంటే ఒప్పుకోవద్దు.

• కాపీలకు సరిపడా ఖాళీ డిస్కులు బరంపురం నుంచో విశాఖ నుంచో ముందే తెప్పించుకోండి.